పిల్లలకు భయం సినిమా ఎంచడం ఎలా: 4 నుంచి 12 ఏళ్ల దాకా

దెయ్యం కథ చెప్పమని వెంటపడేది పిల్లలే. మధ్యలో చెవులు మూసుకునేదీ వాళ్లే, అయిపోగానే ఇంకోటి కావాలనేదీ వాళ్లే. కాసేపు భయపడి బయటపడటంలో ఉండే మజా వాళ్లకు బాగా తెలుసు. ఆ మజా సినిమాతోనూ ఇవ్వొచ్చు. కాకపోతే కథ చెప్పే అమ్మమ్మ మనవడి మొహం చూస్తూ చెబుతుంది. వాడు మరీ బిగుసుకుపోతే గొంతు తగ్గిస్తుంది, రాక్షసుణ్ణి రెండు వాక్యాలు ముందే చంపేస్తుంది. తెర అలా చూడలేదు. ఆ పని మీరు ముందుగా చేసిపెట్టాలి.

అందుకు ప్రతి సినిమానూ రెండు ప్రశ్నలు అడగాలి. ఇందులో ఉన్నది ఏ రకం భయం? సినిమా అయిపోయేసరికి ఆ భయం తీరిపోతుందా, పిల్లల వెంట పడకగదిలోకి వస్తుందా? ఎంత భయంగా ఉంది అన్నది వీటి తర్వాతే.

ఏ వయసుకు ఏది భయం

నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకు కంటికి కనిపించేదే నిజం. వికారమైన మొహం, కోరలు, బొంగురు గొంతు, అన్నిటికన్నా ముఖ్యంగా ఒక మనిషి కళ్లముందే ఇంకోలా మారిపోవడం వాళ్లను వణికిస్తాయి. ఆ మారినవాడు మంచివాడా చెడ్డవాడా అన్నది వాళ్లకు పట్టదు. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పిల్లల భయాలపై ఏళ్ల తరబడి పనిచేసిన పరిశోధకురాలు జోయాన్ కాంటర్ దీన్ని 'ఇన్‌క్రెడిబుల్ హల్క్' టీవీ సీరియల్‌తో పరీక్షించారు. అందులో హీరో పచ్చటి భారీకాయుడిగా మారి జనాన్ని కాపాడతాడు. పెద్ద పిల్లలకు ఆ మారే ఘట్టం ఊరట, ఎందుకంటే ఇక ఆపద తీరుతుందని వాళ్లకు తెలుసు. మూడు నుంచి ఐదేళ్ల వాళ్లు బాగా భయపడింది మాత్రం సరిగ్గా ఆ ఘట్టానికే.

ఈ వయసులో "అదంతా ఉత్తిదేరా, మేకప్" అని చెప్పడం దాదాపు దండగ. 'విజార్డ్ ఆఫ్ ఓజ్'లోని మంత్రగత్తె సన్నివేశంతో కాంటర్ బృందం ఇదీ చూసింది. ఇది నిజం కాదని గుర్తుపెట్టుకోండి అని ముందే చెబితే తొమ్మిది నుంచి పదకొండేళ్ల వాళ్లకు ధైర్యం వచ్చింది, మూడు నుంచి ఐదేళ్ల వాళ్లకు తేడా లేదు. బుర్రకు అర్థమైనా ఒళ్లు వినదు. వాళ్లకు పనికొచ్చేవి ఒళ్లో కూర్చోబెట్టుకోవడం, దుప్పటి, గ్లాసుడు పాలు, కళ్లు మూసుకోనివ్వడం. ఇక్కడొక తిరకాసు ఉంది. చిన్నవాళ్లకు కళ్లు మూసుకుంటే భయం తగ్గుతుంది కానీ, ఎనిమిదేళ్లు దాటినవాళ్లకు పెరగొచ్చు. శబ్దం వింటూ, తెరమీద ఉన్నదానికంటే ఘోరంగా ఊహించుకుంటారు.

ఏడు, ఎనిమిది దాటాక రూపం మీద భయం తగ్గి, జరగగలిగే వాటి మీద మొదలవుతుంది. ఇంట్లోకి దొంగ రావడం, అమ్మానాన్నలు కనిపించకుండా పోవడం, కుక్క మీదపడటం, నీళ్లలో మునగడం. పదేళ్లు వచ్చాక కంటికి కనపడనిది కూడా చేరుతుంది. 1983లో అమెరికా టీవీలో అణుయుద్ధం మీద 'ది డే ఆఫ్టర్' అనే చిత్రం వచ్చినప్పుడు చిన్నపిల్లలు పెద్దగా చలించలేదు. ఎక్కువ కలత చెందింది పెద్ద పిల్లలు, వాళ్లకంటే ఎక్కువగా తల్లిదండ్రులు. కాబట్టి "నాకే భయం వేయలేదు, వాడికేం వేస్తుంది" అన్న లెక్క పనిచేయదు. "నాకే ఇంత భయమేసింది, వాడి సంగతేంటి" అన్నదీ పనిచేయదు.

వయసుతో సంబంధం లేకుండా చూడాల్సిన సంగతి ఇంకోటుంది. దెయ్యం ఎక్కడుంది? కోటలోనో, అడవిలోనో, పాతాళంలోనో ఉంటే తెర ఆపేయగానే అది అక్కడే ఉండిపోతుంది. బాత్రూమ్ అద్దంలో, మంచం కింద, మేడ మీద గదిలో, సెల్‌ఫోన్‌లో, బొమ్మలో ఉంటే ఇంటినిండా ఉన్నట్టే. రాజులూ రాక్షసులూ ఉన్న జానపద సినిమా పిల్లలకు నప్పడానికి సగం కారణం ఆ దూరమే. బొమ్మకు దెయ్యం పట్టే సినిమాలు పదేళ్లలోపు వాళ్లకు అసలు వద్దు. ఆ బొమ్మ పిల్ల పక్కనే పడుకుంటుంది మరి.

సర్టిఫికెట్ ఎంతవరకు నమ్మాలి

మన దగ్గర చాలాకాలం యు, యు/ఏ, ఏ అని ప్రేక్షకులకు మూడే ఉండేవి. యు/ఏ అంటే 12 ఏళ్లలోపు పిల్లలకు పెద్దల తోడు కావాలని. ఐదేళ్ల వాడికీ పదకొండేళ్ల వాడికీ అదే ముద్ర. 2023 చట్ట సవరణ, 2024 నిబంధనల తర్వాత సెన్సార్ బోర్డు దాన్ని యూఏ 7+, యూఏ 13+, యూఏ 16+ అని మూడుగా విడగొట్టింది. ఓటీటీలు 2021 ఐటీ నిబంధనల ప్రకారం దాదాపు ఇవే వయసులు వాడుతున్నాయి. 13+ అంతకుమించిన వాటికి పేరెంటల్ లాక్ సదుపాయం ఇవ్వాలన్నదీ అక్కడి నియమమే.

థియేటర్ వాళ్లు తప్పనిసరిగా అడ్డుకోవాల్సింది 'ఏ' (పెద్దలకు మాత్రమే) సర్టిఫికెట్‌కే. యూఏ అంకెలు మీకిచ్చే సూచన మాత్రమే, 13+ సినిమాకు ఆరేళ్ల పిల్లను తీసుకెళ్తే గేటు దగ్గర ఎవరూ ఆపరు. పాత సినిమాలకు పాత ముద్రలే ఉన్నాయి కాబట్టి 2024కు ముందు వచ్చిన యు/ఏ చూస్తే "ఏడేళ్లకా, పదహారేళ్లకా?" అని మీరే తేల్చుకోవాలి. ఇంకో ముఖ్యమైన తేడా, 'ఏ' సర్టిఫికెట్ సినిమా టీవీలో యథాతథంగా రాకూడదు. కోతలు పెట్టి మళ్లీ సర్టిఫికెట్ తెచ్చుకుంటారు. టీవీలో చూసి "ఫర్వాలేదు" అనుకుని అదే సినిమాను ఓటీటీలో పెడితే, కోత పడిన సన్నివేశాలన్నీ అక్కడ ఉండొచ్చు. ఎక్కడ చూపించబోతున్నారో అక్కడే సరిచూసుకోండి.

సర్టిఫికెట్ రక్తం, బూతు, శృంగారం లాంటివి బాగానే లెక్కపెడుతుంది. భయం దగ్గరకొచ్చేసరికి తడబడుతుంది. 2016లో 'ది జంగిల్ బుక్'కు మన బోర్డు, త్రీడీలో జంతువులు మీదకు దూకడం పిల్లల్ని భయపెడుతుందంటూ యు/ఏ ఇచ్చింది, బోలెడంత ఎగతాళి జరిగింది. నిజానికి పెద్ద తెర, త్రీడీ కలిస్తే అదే పులి వేరే పులి అవుతుందన్న మాట తీసేయదగ్గది కాదు. అమెరికా ముద్రలూ ఇంతే. తల్లి చేపను బారకూడా అనే పెద్ద చేప మింగేయడంతో మొదలయ్యే 'ఫైండింగ్ నీమో'కు అక్కడ జి, అంటే అందరూ చూడొచ్చు. కొడుకు కళ్లముందే తండ్రి చనిపోయే 'ది లయన్ కింగ్' (1994)కూ జి. సాదాసీదా 'కాస్పర్' (1995)కూ, చర్మం గగుర్పొడిచే 'కోరలైన్' (2009)కూ ఒకటే పీజీ, అంటే తల్లిదండ్రులు చూసుకుని చూపించాలని. బ్రిటన్ బోర్డు బీబీఎఫ్‌సీ కాస్త నయం. పీజీ ఇస్తే సుమారు ఎనిమిదేళ్లు, ఆపైన పిల్లలు కలత చెందకూడదన్నది వాళ్ల కొలత. పైగా ఏ సన్నివేశంలో ఏముందో తమ సైట్లో క్లుప్తంగా రాస్తారు.

ఇంగ్లిష్ సినిమా అయితే కామన్ సెన్స్ మీడియాలో వయసు వారీ సమీక్ష, ఐఎండీబీలో పేరెంట్స్ గైడ్ విభాగం చూడండి. కుక్క చస్తుందా, తల్లి చనిపోతుందా లాంటి ప్రశ్నలకు 'డజ్ ద డాగ్ డై' సైట్ జవాబిస్తుంది. ఉలిక్కిపడేలా చేసే చోట్లను నిమిషాలతో సహా ఇచ్చే 'వేర్స్ ద జంప్' కూడా ఉంది. తెలుగు సినిమాలకు ఇవేవీ పెద్దగా అక్కరకు రావు. మన సమీక్షలు సెకండాఫ్ సాగిందా లేదా చెబుతాయి కానీ, ఆరేళ్ల పిల్ల ఏ సీనుకు ఏడుస్తుందో చెప్పవు. కాబట్టి మీరే చూడాలి.

ముందుగా చూడటం: గంటలోపు పని

మొత్తం రెండున్నర గంటలు కూర్చోనక్కర్లేదు. తెలుగు కమర్షియల్ సినిమాలో భయం ఎక్కడుంటుందో దాదాపు చెప్పేయొచ్చు. మొదటి పది నిమిషాలు (ఎవరో ఒకరు చచ్చే ఘట్టం టైటిల్స్ ముందే పెడతారు), ఇంటర్వెల్‌కు ముందు పావుగంట, ఇంటర్వెల్ తర్వాత వచ్చే ఫ్లాష్‌బ్యాక్, చివరి అరగంట. ఈ నాలుగూ పూర్తిగా చూసి, మిగతాది ముందుకు జరుపుతూ పోండి. ఒక కాగితం మీద నిమిషం, ఏం జరుగుతుంది, ఎన్ని క్షణాలు ఉంటుంది అన్నవి రాసుకోండి. "1:12 – అద్దంలో మొహం, 4 సెకన్లు" అని ఉంటే చాలు. రేపు పిల్లల పక్కన కూర్చున్నప్పుడు రిమోట్ కంటే ఎక్కువగా ఆ కాగితమే ఆదుకుంటుంది.

అనుమానంగా ఉన్న ప్రతి సన్నివేశాన్నీ రెండుసార్లు చూడండి. ఒకసారి మ్యూట్‌లో, ఒకసారి తెర చూడకుండా శబ్దం మాత్రమే. శబ్దం తీసేస్తే చప్పగా ఉందంటే ఆ భయం నేపథ్య సంగీతంది. వాల్యూమ్ తగ్గిస్తే సగం పోతుంది. మ్యూట్‌లోనూ మీ కడుపులో తిప్పిందంటే అది దృశ్యంలోని భయం. దాన్ని తగ్గించడం మీ చేతిలో లేదు, దాటేయాలి లేదా సినిమానే మార్చాలి.

ఇక ఉలికిపాటు సంగతి. నిశ్శబ్దం, నెమ్మదిగా దగ్గరకెళ్లే కెమెరా, ఒక్కసారిగా ధన్‌మని శబ్దం. ఈ మూడూ కలిస్తే ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది. అది అసంకల్పిత చర్య, ధైర్యంతో పనిలేదు. ఒకటీ రెండూ ఉంటే పదేళ్ల పిల్లలు పడీపడీ నవ్వుతారు. పది నిమిషాలకొకటి ఉంటే మధ్యలో ఉన్న మామూలు సీన్లలో కూడా బిగబట్టుకునే కూర్చుంటారు. ఆరేళ్లలోపు వాళ్లకు ఒక్కటి కూడా లేని సినిమా ఎంచండి.

చివరగా ముగింపు. చిన్నవాళ్లకు దెయ్యం ఓడిపోవాలి, లేదా స్నేహితుడైపోవాలి, లేదా అది దెయ్యమే కాదని తేలాలి. ఈ మూడింటిలో ఏదో ఒకటి తెరమీద స్పష్టంగా కనిపించాలి. శుభం కార్డుకు ముందు బొమ్మ కళ్లు మళ్లీ తెరుచుకోవడం, శవం చెయ్యి కదలడం లాంటి సీక్వెల్ ఎర ఉందా చూసుకోండి. ఆ ఐదు సెకన్లు, అంతవరకు తీర్చిన భయాన్ని మొత్తం తిరగదోడతాయి. ఉంటే అంతకుముందే ఆపేయండి. పిల్లలు ఏమీ కోల్పోరు.

"కామెడీ ఉంది కదా" అనే ఉచ్చు

మన ఇళ్లల్లో పిల్లలు అతిగా జడుసుకునేది అసలు సిసలు హారర్‌తో కాదు. దాన్ని ఎవరూ పిల్లల ముందు పెట్టరు. 'విరూపాక్ష' (2023)కు 'ఏ' సర్టిఫికెట్, 'తుంబాడ్' (2018)కూ అంతే, అక్కడ సందేహానికి తావులేదు. చిక్కంతా హారర్ కామెడీతోనే. ఆదివారం మధ్యాహ్నం టీవీలో వస్తుంది, తాతయ్య నుంచి మనవడి దాకా అందరూ కూర్చుంటారు, మొదటి గంట నవ్వులే. తర్వాత ఫ్లాష్‌బ్యాక్‌లో ఒక హత్య, ఒక్కోసారి అంతకన్నా ఘోరం, ఆపైన ఒక్కొక్కరినీ పగబట్టి చంపడం. 'కాంచన' తీసుకోండి. చీకటి పడితే తల్లి చంకెక్కే హీరోను చూసి పిల్లలు గొల్లున నవ్వుతారు. కానీ దెయ్యం వెనకున్న కథ హత్యల కథ. పైగా అంత పెద్ద మనిషే భయపడుతున్నాడంటే భయపడాల్సిందేనని చిన్న బుర్రకు అందే సందేశం. హాస్యం పెద్దలకు ఊపిరి పీల్చుకునే సందు. ఐదేళ్ల వాడు మాత్రం జోకు వినడు, తర్వాతి దెయ్యం కోసం బెదురుతూ ఎదురుచూస్తాడు.

భక్తి ముద్రది ఇంకో ఉచ్చు. అమ్మవారి సినిమా కదా, పిల్లలు చూస్తే మంచిదే అంటారు పెద్దవాళ్లు. 'అమ్మోరు' (1995)లో అమ్మవారు చిన్నపిల్లగా ఇంటికొచ్చే ఘట్టాలు పిల్లలకు ఎంత ఇష్టమో, మాంత్రికుడు, హీరోయిన్ పడే హింస, చివరి సంహారం అంత బరువు. 'అరుంధతి' (2009)లో అంధురాలైన నాట్యగురువు మీద జరిగే అఘాయిత్యం పన్నెండేళ్లకు కూడా ఎక్కువే. "మా వాడు టీవీలో చూసేశాడు, ఏం కాలేదు" అనేవాళ్లు ఆ వారం వాడు ఒంటరిగా బాత్రూమ్‌కు వెళ్లాడా లేదా గుర్తుచేసుకుంటే బాగుంటుంది.

యానిమేషన్ అంటే పిల్లలదే అనుకోవడం మూడోది. దీనికి మందు 'కోరలైన్' మొదటి పది నిమిషాలు మీరు చూడటమే.

వయసు వారీగా కొన్ని సినిమాలు

నాలుగేళ్లలోపు: ఏదీ వద్దు. కథ చెప్పండి.

నాలుగు, ఐదు: అరగంట మించకూడదు. బ్రిటన్ చిత్రం 'ది గ్రఫెలో' (2009) సుమారు 27 నిమిషాలు. చిట్టెలుక తన తెలివితో అడవిలోని పెద్ద జంతువులన్నిటినీ, చివరికి గ్రఫెలోనూ బెదరగొడుతుంది. చిన్నది గెలిచే కథ ఈ వయసుకు సరిగ్గా సరిపోతుంది. ఐదు దాటితే జపాన్ చిత్రం 'మై నైబర్ టోటోరో' (1988, 86 నిమిషాలు). పాత ఇల్లు, చీకటి మూలల్లో మసిబొట్లు, అడవిలో భారీ జీవి, ఇన్ని ఉన్నా విలన్ లేడు. అమ్మ ఆస్పత్రిలో ఉండటం, చెల్లెలు తప్పిపోవడం మాత్రమే ఇబ్బంది పెట్టేవి. ఇంట్లో ఎవరైనా ఆస్పత్రిలో ఉంటే కొన్నాళ్లు ఆగండి.

ఆరు, ఏడు: ఇక్కడ 'మాయాబజార్' (1957)ను మించింది లేదు. ఘటోత్కచుడు చూడటానికి రాక్షసుడు, చేసేవన్నీ చిలిపి పనులు, పైగా మన పక్షం. రాక్షసుడంటే ఏమిటో భయం లేకుండా పరిచయమవుతుంది. మూడు గంటల సినిమా కాబట్టి ఘటోత్కచుడు వచ్చే దగ్గర్నుంచి మొదలుపెట్టి, పెళ్లి భోజనం దగ్గర ఒకరోజు ఆపి, మిగతాది మర్నాడు చూపించండి. తర్వాత ఏడెనిమిదేళ్లకు 'పాతాళ భైరవి' (1951). నేపాళ మాంత్రికుడి కళ్లు, నవ్వు, బలి ఇవ్వబోవడం, బలైపోయిన మాంత్రికుణ్ణి శిష్యుడు సదాజపుడు మళ్లీ బతికించడం నిజంగానే భయపెడతాయి. అక్కడ మీకో ఆయుధం ఉంది. ఘటోత్కచుడూ మాంత్రికుడూ ఇద్దరూ ఎస్వీ రంగారావే. "ఆ రోజు లడ్డూలు మింగినాయనే ఈ మాంత్రికుడు" అని పక్కపక్కనే రెండు ఫొటోలు చూపించండి. నటన అంటే ఏమిటో ఏడేళ్ల బుర్రకు ఇంతకన్నా బాగా ఎక్కించే మార్గం లేదు. 'మాన్‌స్టర్స్ ఇంక్' (2001, 92 నిమిషాలు) కూడా ఈ వయసుకే. తలుపు తీసుకుని పడకగదిలోకి వచ్చే భూతాలు అన్న ఊహ కాస్త ఇంటి వెంట వచ్చేదే కానీ, ఆ భూతాలే పిల్లలకు భయపడతాయి, కేక కంటే నవ్వుకే బలమెక్కువని కథే తేలుస్తుంది. చివర్లో చిన్నపాపను యంత్రానికి కట్టే సీను ఒక్కటి గుర్తుపెట్టుకోండి.

ఎనిమిది, తొమ్మిది: విశాల్ భరద్వాజ్ హిందీలో తీసిన 'మకడీ' (2002) ఈ వయసుకు చక్కగా కుదిరే సినిమా. ఊరి చివర పాడుబడ్డ భవంతి, అందులో మంత్రగత్తెగా షబానా ఆజ్మీ, లోపలికెళ్లినవాళ్లు జంతువులైపోతారని పుకారు. కవలల్లో ఒకామె కోడిగా మారిపోయిందని రెండో ఆమె నమ్మి ఆ కోడిని కాపాడుకోవడానికి పడే తిప్పలు చూస్తే నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి. ఆ రెండు పాత్రలూ వేసింది శ్వేతా బసు ప్రసాద్, తర్వాత మన 'కొత్త బంగారు లోకం' కథానాయిక. చివరికి మంత్రగత్తె గుట్టు రట్టవుతుంది కాబట్టి భయం పూర్తిగా తీరుతుంది. హిందీ రాకపోతే మీరు పక్కన కూర్చుని చెప్పాల్సి ఉంటుంది, అదీ మంచిదే. 'భూత్‌నాథ్' (2008) మరీ మెత్తన, దానిలో బాధే ఎక్కువ. 'స్పిరిటెడ్ అవే' (2001)లో మొదట్లోనే అమ్మానాన్నలు పందులైపోతారు. "చివరికి మామూలైపోతారు" అని ముందే చెప్పేయండి. తర్వాత నో-ఫేస్ అనే ఆకారం పనివాళ్లను మింగడం, రక్తమోడే డ్రాగన్ కూడా ఉన్నాయి, వాటినీ గుర్తుపెట్టుకోండి. 'కోకో' (2017) చచ్చిపోయినవాళ్ల లోకం గురించి. ఈమధ్యే తాతనో అమ్మమ్మనో పోగొట్టుకున్న ఇంట్లో అది ఓదార్పూ కావచ్చు, పుండును గెలకడమూ కావచ్చు. మీరు చూసి నిర్ణయించుకోండి.

పది నుంచి పన్నెండు: 'మాన్‌స్టర్ హౌస్' (2006), 'కోరలైన్', హ్యారీ పోటర్ మొదటి మూడు. నాలుగో దానికి అమెరికాలో పీజీ-13 ఇచ్చారు, అక్కడ ఒక ఏడాది విరామం ఇస్తే మంచిది. 'జురాసిక్ పార్క్' (1993)లో వంటగదిలో ఇద్దరు పిల్లల్ని రాప్టర్లు వెతికే ఘట్టం చాలామందికి దెయ్యం సినిమాల కంటే ఎక్కువ గుర్తుండిపోతుంది. పదకొండు నిండాక చూపించండి. 'ఈగ' (2012)లో హీరో హత్య మొదట్లోనే ఉంటుంది, అది దాటితే మిగతాది ఉత్సాహమే. 'చంద్రముఖి' (2005) పన్నెండుకు. దెయ్యం కాదు, మనసుకు వచ్చిన జబ్బు అన్న వివరణ ఆ వయసుకు తలకెక్కుతుంది.

చూసే రోజు

ఉదయం పది, పదకొండు మధ్య మొదలుపెట్టండి. తర్వాత అన్నం, ఆటలు, సాయంత్రం బజారు, ఇవన్నీ గడిచి రాత్రయ్యేసరికి సినిమా పాతబడిపోతుంది. నిద్రకు ముందు చూసింది కలలోకి రావచ్చు. కర్టెన్లు తెరిచే ఉంచండి, లైట్లు ఆర్పొద్దు. తెర దగ్గరగా కాకుండా, గది అంచులు కూడా కనిపించేంత దూరంలో కూర్చోబెట్టండి.

వాల్యూమ్‌ను మామూలు మాటలు వినపడే స్థాయిలో పెట్టి వదిలేయండి. గుసగుసలు వినపడలేదని పెంచితే, వెంటనే వచ్చే అరుపు రెట్టింపు బిగ్గరగా పేలుతుంది. హారర్ సినిమాల శబ్దాన్ని అలాగే కూరుస్తారు. టీవీలోనో సౌండ్‌బార్‌లోనో నైట్ మోడ్, ఆటో వాల్యూమ్ లాంటి అమరిక ఉంటే ఆన్ చేయండి, చిన్న పెద్ద శబ్దాల తేడా తగ్గుతుంది. ఫోన్‌లో ఇయర్‌ఫోన్స్ పెట్టి మాత్రం చూపించొద్దు. శబ్దం నేరుగా చెవిలోకి వెళ్తుంది, పిల్ల మొహం మీకు కనపడదు.

మొదలుపెట్టే ముందు కథ ముగింపు చెప్పేయండి. ఎనిమిదేళ్లలోపు వాళ్లకు సస్పెన్స్ అక్కర్లేదు, ఎలాగూ ఇష్టమైన సినిమాను ఇరవైసార్లు చూస్తారు. రిమోట్ వాళ్ల చేతికే ఇవ్వండి. ఆపగలననే ధీమా ఉన్న పిల్ల తక్కువసార్లు ఆపుతుంది.

థియేటర్‌కు వెళ్లాలనుకుంటే ముందు ఆ తరహా సినిమా ఇంట్లో ఒకటి హాయిగా చూసి ఉండాలి. టూడీ, ఉదయం ఆట, మధ్య వరుసలకు వెనక, నడవ పక్క సీటు. అసలు సినిమా కంటే ముందు పడే ట్రైలర్లే ప్రమాదకరం, ఏం వేస్తారో మీకు తెలియదు. పది నిమిషాలు ఆలస్యంగా లోపలికెళ్తే పోయేదేమీ లేదు.

మధ్యలో బెదిరితే

కళ్లు మూసుకోవడం, దిండు వెనక దాక్కోవడం, కేక పెట్టి నవ్వడం ఇవన్నీ మామూలే. సినిమా పనిచేస్తోందన్నమాట. గమనించాల్సింది నిశ్శబ్దాన్ని. ప్రశ్నలు ఆగిపోవడం, కదలకుండా బిగుసుకుపోవడం, అరచేతులు చల్లబడటం, చెమటలు పట్టడం, పదేపదే మంచినీళ్లనో బాత్రూమనో అడగడం. అప్పుడు "ధైర్యంగా ఉండాలి, నువ్వు పెద్దవాడివి" అనడం, అన్నయ్య నవ్వడం రెండూ పనికిరావు. పిల్లలు భయాన్ని దాచేస్తారు, రాత్రికి బయటపెడతారు.

ఆపాల్సి వస్తే దెయ్యం తెరమీద ఉండగా ఆపొద్దు. ఆఖరుగా చూసింది మనసులో అతుక్కుపోతుంది. మ్యూట్ చేసి, కాగితం చూసి, ఆ భయం తీరే చోటికి జరపండి, లేదా నేరుగా చివరి ఐదు నిమిషాలకు వెళ్లి అందరూ క్షేమంగా ఉన్న దృశ్యం చూపించి ఆపండి. మధ్యలో ఏం జరిగిందో మీరు నోటితో చెప్పండి, దెయ్యానికి మీ ఇష్టం వచ్చినట్టు శాస్తి చేయండి.

ఆ రాత్రి, ఆ వారం

సాయంత్రం కాగితం, రంగులు ఇచ్చి దెయ్యాన్ని గీయమనండి. దానికి మీసాలు పెట్టడం, పిలకా రిబ్బనూ కట్టడం, పేరు మార్చడం వాళ్ల పని. పెద్ద పిల్లలకైతే మేకప్ వేస్తున్న వీడియోలు, తెర వెనక దృశ్యాలు బాగా పనిచేస్తాయి. మంచం కింద ఏమీ లేదని మాటల్లో చెప్పకుండా టార్చి ఇచ్చి కలిసి చూడండి. చిన్న లైటు వేసి ఉంచడం, వారం రోజులు పక్కన పడుకోవడం వల్ల పిల్లలు పిరికివాళ్లైపోరు.

జడుసుకున్నారని పెద్దవాళ్లు దిష్టి తీస్తే అడ్డుపడకండి. ఆ వయసు భయానికి మాట కంటే చేత పనిచేస్తుంది. అమ్మమ్మ ఉప్పు తిప్పి నిప్పుల్లో వేస్తే "పోయింది" అన్న నమ్మకం కుదురుతుంది. కానీ "దెయ్యం సోకింది", "గాలి తగిలింది" అనే మాటలు మాత్రం పిల్లల చెవిన పడనివ్వకండి. లేని దెయ్యానికి ఇంటి పెద్దే సాక్ష్యం చెప్పినట్టవుతుంది. అన్నం తినకపోతే సినిమాలో వాడొస్తాడని బెదిరించడం కూడా ఇలాంటిదే, తీరిన భయాన్ని తట్టి లేపుతుంది.

పీడకల సాధారణంగా తెల్లవారుజాము వైపు వస్తుంది. పిల్ల లేచి ఏం కనిపించిందో చెబుతుంది, దగ్గరకు తీసుకుంటే ఊరుకుంటుంది. పడుకున్న రెండు మూడు గంటల్లోపే కళ్లు తెరిచి కేకలు పెట్టి, మిమ్మల్ని గుర్తుపట్టక, పొద్దున్నే ఏమీ గుర్తులేకపోతే అది వేరే, నైట్ టెర్రర్ అంటారు. కుదిపి లేపొద్దు, పడిపోకుండా చూస్తూ పక్కన ఉంటే చాలు. ఒంటరిగా గదిలోకి వెళ్లకపోవడం, బడికి వెళ్లనని మారాం, పక్క తడపడం మళ్లీ మొదలవడం లాంటివి రెండు మూడు వారాలు దాటినా తగ్గకపోతే పిల్లల డాక్టర్‌కు చెప్పండి.

అన్నకూ చెల్లికీ ఒకే టీవీ ఉంటే

పదేళ్ల వాడికి సరిపోయే సినిమా ఐదేళ్ల పిల్లతో కలిపి చూడటం కుదరదు. చిన్నామెకు తగ్గది ఇద్దరూ కలిసి చూడాలి, పెద్దవాడిది ఆమె బడికెళ్లినప్పుడో నాన్నమ్మ దగ్గరున్నప్పుడో చూడాలి. "నువ్వు లోపలికి పో" అని గదిలోకి పంపితే లాభం లేదు. తలుపు అవతల నుంచి సంగీతం వినడం, చూడటం కన్నా ఘోరం. ఇద్దరికీ ఓటీటీలో వేరువేరు ప్రొఫైళ్లు పెట్టి, పెద్దల ప్రొఫైల్‌కు పిన్ పెట్టండి. నెట్‌ఫ్లిక్స్‌లో మెనూ చూస్తుండగానే దానంతటది మొదలయ్యే ప్రివ్యూలను సెట్టింగ్స్‌లో ఆపొచ్చు, ఆపేయండి. యూట్యూబ్‌లో ఆటోప్లే కూడా. అమాయకమైన ఏ కార్టూన్ తర్వాత ఏ వీడియో వస్తుందో చెప్పలేం.

ఒక సినిమాకు బాగా బెదిరిన పిల్లలు మళ్లీ అదే అడిగితే కాదనకండి, అలా అని వెంటనే పెట్టకండి. నెలన్నర, రెండు నెలలు గడవనివ్వండి. ఈసారి చివరి పావుగంటతో మొదలుపెట్టి, ఆ తర్వాత భయం లేని మొదటి భాగం చూపించి, ఆ సీను మాత్రం వాళ్లు రిమోట్ పట్టుకుని, మ్యూట్‌లో, కావాలన్నప్పుడే చూడనివ్వండి.